యశు ఇంటికి పనికొచ్చే కుక్క

అది 2022 ఎండాకాలం. హిందూపురంలో మా ఇంటి ముందుగదిలోనే కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు కత్తిరించే పని పెట్టుకుని అప్పటికి కొన్నేళ్లయింది. గదిలో ఒక సిమెంటు తొట్టి, ఎత్తు బల్ల, గాలి కొట్టి తడి ఆరబెట్టే బ్లోయర్, గోడకు తగిలించిన దువ్వెనలు, కత్తెర్లు. అంతే నా దుకాణం. బోర్డు కూడా లేదు. కుక్కల రత్నమ్మ ఇల్లు యాడ అని అడిగితే ఆటోవాళ్లే తెచ్చి వాకిట్లో దించుతారు.

ఈ పని నేను బడిలో నేర్చింది కాదు. నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మాది రొళ్ల దగ్గర పల్లె. మా నాయన గొర్రెలకు ఉన్ని కత్తిరించేటప్పుడు వాటి కాళ్లు పట్టుకోవడం నా వంతు. బెదిరిన జీవాన్ని ఎట్లా కుదురుగా నిలపాలో, చర్మం తెగకుండా కత్తెర ఎట్లా వాల్చాలో అక్కడే చేతికి వచ్చింది. పెళ్లయ్యాక బెంగళూరులో కుక్కల సెలూన్ ఒకదాంట్లో నేల తుడిచే పనికి చేరాను. తుడుస్తూ తుడుస్తూ చూసి, మెల్లగా కత్తెర పట్టాను. హిందూపురం తిరిగొచ్చాక అదే అన్నం పెడుతోంది. ఎన్నో కుక్కలు ఈ బల్ల మీద నిలబడి వెళ్లాయి. అయినా కుక్క అనగానే ముందుగా నాకు గుర్తొచ్చేది ఒక్క ఇల్లే.

ఒకరోజు పొద్దున గంగాధర అనే మనిషి స్కూటరు మీద వచ్చాడు. ఊరి చివర అతనికి రీలింగ్ షెడ్డు ఉంది. అంటే పట్టుగూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీసే చోటు. గూళ్ల మార్కెట్లో కొని, దారం తీసి, ధర్మవరం చీరల మగ్గాలకు పంపుతాడు. వాళ్ల ఇల్లూ షెడ్డూ ఒకే గోడకు ఆ పక్కా ఈ పక్కా. స్కూటరు ముందు నల్లటి నాటుకుక్క నిలబడి ఉంది. పేరు కరియ. దాని వెనకే, నాయనకు ముందు, నాలుగో తరగతి చదివే వాళ్ల పాప యశు, కరియ తోక ఎక్కడ చక్రంలో పడుతుందోనని చేత్తో పట్టుకుని కూర్చుంది.

"అక్కా, దీనికి ఒక్క వెంట్రుక లేకుండా నున్నగా గొరిగెయ్యాల" అన్నాడు గంగాధర.

ఎందుకప్పా, గజ్జి కూడా లేదు కదా అన్నాను. పాపకు ఆయాసం అన్నాడు. రాత్రయితే ఊపిరి అందదు, పిల్లిపిల్ల మాదిరి ఈల వస్తుంది, లేచి కూర్చుంటుంది. డాక్టరు ఇంట్లో కుక్కుందా అని అడిగాడట. ఉందంటే తీసేయమన్నాడట. పాప ఒప్పుకోవడం లేదు. అందుకని వెంట్రుకే లేకుండా చేస్తే సరిపోతుందని అతని ఆలోచన.

చాలామంది అట్లాగే అనుకుంటారు. పడనిది వెంట్రుక కాదు. కుక్క ఒంటిమీద నుంచి పిండి లాగా పొట్టు రాలుతుంది. దాన్ని డాండర్ అంటారు. అందులోనూ, ఎంగిలిలోనూ ఉండేదే కొందరికి పడదు. వెంట్రుక దాన్ని మోసుకు తిరిగే బండి మాత్రమే. గొరిగేస్తే పొట్టు ఏ అడ్డూ లేకుండా గాల్లోకి లేస్తుంది. పైగా హిందూపురం ఎండకు కుక్క ఒళ్లు కాలిపోతుంది. నేను గొరగను అన్నాను.

యశు అప్పటిదాకా కరియ చెవి నిమురుతూ ఉంది. తలెత్తి నన్నే అడిగింది. "ఇది మాయింట్లోనే ఉండాలంటే ఏం చెయ్యాల?"

ఆ పాపకు కావలసినవి రెండే. రాత్రి ఊపిరి ఆడాలి, పగలు కుక్క పక్కన ఉండాలి. నాకు తెలిసింది చెప్పాను. కరియను పడకగదిలోకి రానివ్వొద్దు. వారం వారం స్నానం. దువ్వడం ఇంటి బయట, అదీ పాప కాకుండా వేరేవాళ్లు. ముట్టుకున్న చేయి కడగకుండా మొహానికి పెట్టుకోకూడదు. అన్నిటికన్నా ముందు బెంగళూరులో పరీక్ష చేయించండి, ఏది పడదో తేలాక కుక్క సంగతి చూద్దాం అన్నాను.

గంగాధర అంతా విని, "అవన్నీ మేము చేసేదేనా అక్కా. అస్సలు అలర్జీ రాని జాతి ఏదో ఉంటుందంటనే, అది చెప్పు" అన్నాడు.

అట్లాంటి కుక్కలకు అమ్మేవాళ్లు పెట్టిన పేరు హైపోఅలర్జెనిక్. వినడానికి అలర్జీ అస్సలు రాదన్నట్టు ఉంటుంది గానీ, దాని అర్థం కాస్త తక్కువ అని మాత్రమే. డాండర్ లేని కుక్క లేదు. పూడుల్ లాంటి ఉంగరాల బొచ్చు కుక్కలకు వెంట్రుక రాలదు కాబట్టి ఇంట్లో తక్కువ పరుచుకుంటుంది, అంతే. అతనికి తెలిసిన మాటల్లో చెప్పాను. పూడుల్ బొచ్చు గొర్రె ఉన్ని లాంటిది. అది పెరుగుతూనే ఉంటుంది, రాలదు. రాలదు కాబట్టి అందులో పడింది కూడా రాలదు. గొర్రె ఉన్నిలో పల్లేరుకాయ దూరితే మేం కత్తిరించేదాకా అక్కడే ఉండేది. అందుకే రోజూ దువ్వాలి, తరచూ స్నానం, నెలనెలా కత్తిరింపు. చేయలేనివాళ్లు తేకూడదు. తెచ్చేముందు పాపను తీసుకుపోయి, ఏ కుక్కను కొంటున్నారో ఆ కుక్క పక్కనే కొంతసేపు కూర్చోబెట్టాలి. రెండు మూడుసార్లు అట్లా చూడాలి. ఒకే జాతిలో ఒకటి పడుతుంది, ఇంకొకటి పడదు.

ఇంత చెప్పానా, అతని చెవిలో మిగిలింది పూడుల్ అనే పేరు ఒక్కటే.

కొద్దిరోజులకే కరియను పెనుకొండ దగ్గరి ఎర్రమంచికి పంపేశారు. యశు తల్లి సుజాతకు తమ్ముడొకడు, మంజునాథ. అక్కడి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తూ, చేనుకూడా చూసుకుంటాడు. శెనక్కాయ చేను కాపలాకు ఉంటుందిలే అన్నాడట. లగేజీ ఆటోలో ఎక్కిస్తే కరియ షికారుకనుకుని చెవులు నిక్కబొడుచుకుని ముందుకు చూస్తూ కూర్చుందని సుజాత నాతో చెప్పింది. పాప బడికి పోయిన వేళ చూసి పంపారు.

ఆ వెంటనే బెంగళూరు నుంచి పూడుల్ పిల్ల వచ్చింది. అమ్మినవాడు ఈ జాతికి అలర్జీ అనేదే ఉండదు, పాప పక్కలో పడుకోబెట్టినా ఏమీ కాదు అన్నాడట. పాపను తీసుకుపోయి కూర్చోబెట్టి చూడలేదు. స్కూటరు కొనేటప్పుడు కూడా మనిషి ఒకసారి నడిపి చూసుకుంటాడు. దాని రంగు చూసి యశు బూందీ అని పేరు పెట్టింది. కొత్త కుక్క దొరికిందన్న సంతోషం ఉంది గానీ, నా బల్ల పక్కన నిలబడి మొదట అడిగింది మాత్రం కరియను ఎప్పుడు తెస్తారని.

మొదట్లో అంతా బాగుంది. పాప రాత్రిళ్లు నిద్రపోతోంది. గంగాధర బజారులో కనిపించినా బండి ఆపి, "చూస్తివా అక్కా, అంతా ఆ కరియదే" అనేవాడు. నేనూ అవునేమో అనుకున్నాను. ఆ రోజుల్లో బాయిలర్ చెడిపోయి వాళ్ల షెడ్డు మూసి ఉందన్న సంగతి అప్పుడు నాకు తెలీదు. తెలిసిన వాళ్లకు ఆ రెంటినీ కలిపి చూడాలని తోచలేదు.

బాయిలర్ బాగయి షెడ్డు నడిచాక ఆయాసం మళ్లీ మొదలైంది. ఈసారి ఇంకా ఎక్కువ. గంగాధర తల్లి, యశు వాళ్ల అవ్వ, ఆ రత్నమ్మ రుద్దే సబ్బు వాసనకే పిల్లకు ఇట్లా అవుతోందని వీధంతా చెప్పింది. నేను వాసన లేని షాంపూకి మారాను. బూందీని రెండోసారి కడిగాను, మూడోసారి కూడా కడిగాను. పాపకు తగ్గలేదు.

ఆ రోజుల్లోనే నాకు ఒకటి వింతగా కనిపించింది. బూందీ బొచ్చు గడ్డలు కట్టేది. దాన్ని మ్యాటింగ్ అంటారు. దువ్వకపోతే ఏ పూడుల్‌కైనా అవుతుంది. కానీ సన్నని తీగల స్లిక్కర్ బ్రష్‌తో ఆ గడ్డలు విప్పుతుంటే తెల్లగా మెరిసే నూగు వచ్చేది. తొట్టిలో నీళ్లు ఉడికిన పురుగు వాసన కొట్టేవి. ఇది యాడ తిరుగుతాంది అని సుజాతను అడిగితే, పెరట్లోనే అక్కా అనింది.

ఒకసారి బూందీ చెవులకు చీము పట్టి నీరసంగా ఉందంటే నేనే వాళ్లింటికి పోయాను. పెరడంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పాపకు ఆయాసం పెరిగాక, కుక్క పగలంతా ఇంట్లో ఉండకూడదని తేల్చుకున్నారు. మంచి ఆలోచనే. దాన్ని తీసుకుపోయి షెడ్డులో కట్టేశారు. దారానికి పనికిరాని పట్టు వేస్టు ఒక మూల కుప్పగా పోసి ఉంటే బూందీ దాని మీదే పడుకుని ఉంది. ఎన్నాళ్లో మార్కెట్ ధర కోసం ఆపి పెట్టిన గూళ్లు పగిలి, లోపలి పురుగులు సీతాకోకచిలకలై బయటికొచ్చి, రెక్కల పొడి గోడలంతా అంటుకుని ఉంది. గూళ్లు ఉడికే తొట్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు దారం తీసినాక మిగిలిన పురుగును దాని ముందుకు విసిరితే తోకాడిస్తూ తింటోంది. తోక కూడా ఊలుబంతి మాదిరి నూగుతో నిండిపోయింది.

నేను చూస్తుండగానే యశు బడినుంచి వచ్చింది. అవ్వ కుక్కను విప్పింది. పగలంతా దూరంగా పెట్టిన కుక్కను సాయంత్రం పాపకు ఇస్తారట. బూందీ ఒక్క గెంతులో మీదికెక్కింది. యశు దాని మెడలో మొహం దాచుకుని అట్లాగే ఉండిపోయింది. కొంతసేపటికి దగ్గు మొదలైంది.

"దీన్ని ఈ దుమ్ములో కట్టొద్దమ్మా. దీని బొచ్చు పట్టింది వదలదు" అన్నాను అవ్వతో. నేను చెప్పింది మామూలు దుమ్ము గురించే. అంతకన్నా నాకేం తెలుసు.

అవ్వకు కోపం వచ్చింది. "దుమ్మేందమ్మా, పట్టు అది. దేవునికి కట్టే గుడ్డ. కుక్క తాకితే పట్టుకు మైల గానీ, పట్టు తాకితే ఎవురికైనా ఏమన్నా అవుతుందా?"

ఆమె మనసులో మాట అది. ఆ ఇంట్లో అందరి మాట అదే. పట్టు అంటే మడి, కుక్క అంటే మైల. ఇంటికి జబ్బు వచ్చిందంటే ఆ రెంటిలో దేన్ని అనుమానించాలో వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. పాపకు ఆయాసం వచ్చిన ప్రతిసారీ అవ్వ తలకింద పెట్టే దిండు కూడా పట్టు వేస్టు కూరిందే. వెచ్చగా ఉంటుంది, చల్లనిగాలి సోకదు అని ప్రేమతో తన చేత్తో కుట్టింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు యశును ఊపిరి అందక బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికింది. కోలుకున్నాక అక్కడ పరీక్ష చేశారు. ముంజేతి మీద ఒక్కో చుక్క మందు వేసి, సూదితో సన్నగా గీరి, కాసేపు ఆగి ఏది ఉబ్బుతుందో చూస్తారు. సుజాత వచ్చి తన చేయి చాపి నాకు చూపించింది. కుక్కది వేసినచోట దోమ కుట్టినంత లేచిందట. పట్టుది వేసినచోట మెదువడ అంత లేచి చుట్టూ ఎర్రబడిందట. కుక్కను శుభ్రంగా పెట్టుకుని పడకగదికి దూరంగా ఉంచితే చాలు, పట్టు దుమ్ము మాత్రం పాపకు తగలకూడదు అని డాక్టరు చెప్పాడట.

ఆ మాట వినగానే నాకు బూందీ తోక కళ్లముందు మెదిలింది. రాలని బొచ్చు మంచిదని తెచ్చిన కుక్క, ఆ రాలని బొచ్చులోనే షెడ్డంతా మోసుకొచ్చి పాప మొహానికి రాసింది. కరియ కూడా షెడ్డులోనే తిరిగేది. దాని బొచ్చు పొట్టిది, ఒకసారి విదిలిస్తే సగం పోయేది. పాపకు ముందే ఆయాసం ఉంది కానీ ఇంతగా లేదు. పాపకు ఏ కుక్క మేలో అని వెతికినవాళ్లు మేలైనదాన్ని ఎర్రమంచికి పంపి దీన్ని తెచ్చుకున్నారు.

సంగతి తెలిసింది కదా, ఇక బూందీ ఉంటుంది, కరియ కూడా తిరిగొస్తుంది అనుకున్నాను. రెండ్రోజులకు గంగాధర పిలిస్తే పోయాను. గడపలో కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. బూందీని ఎవరికైనా ఇచ్చెయ్ అక్కా అన్నాడు.

"కుక్క కాదని డాక్టరే చెప్పె కదప్పా" అన్నాను.

"చెప్పినాడు. కుక్కను పంపొచ్చు. షెడ్డును యాడికి పంపేది?"

అతను దుర్మార్గుడు కాదు. ఆ షెడ్డు మీద అతని ఇల్లే కాదు, తొట్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ల పొయ్యిలూ వెలగాలి. అయినా ఆగలేక, ఇంటికీ షెడ్డుకూ మధ్య ఉన్న తలుపు తీసేసి అక్కడ గోడ కట్టమన్నాను. షెడ్డులో వేసుకున్న బట్ట అక్కడే విడిచి, స్నానం చేసి ఇంట్లోకి రమ్మన్నాను. దిండు తీసేయమన్నాను. బూందీని పొట్టిగా కత్తిరిస్తాను, షెడ్డు వైపు పోనివ్వకుంటే చాలన్నాను. డాక్టరు కూడా అట్లాగే చెప్పాడని సుజాత గొంతు కలిపింది.

అవ్వ లోపలినుంచే అనింది. "ముందు ఆ కుక్కను పంపి చూడండి. తగ్గకపోతే గోడ కడదురు."

చివరికి దోమకాటంత లేచిన ఆ మచ్చను పట్టుకుని ఇంటిల్లిపాదీ వేలాడారు. కుక్కది కూడా లేచింది కదా అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. యశు ఆ రోజు ఏడవలేదు. బూందీ పట్టీ విప్పి నా చేతికిచ్చి, దీన్ని మాత్రం ఎర్రమంచికి పంపొద్దు అనింది. ఎందుకమ్మా అంటే, ఆడికి పోయినవి తిరిగి రావు అనింది.

ధర్మవరంలో నాకు తెలిసిన చీరల అంగడివాళ్లు ఉన్నారు. రైల్లో నేనే తీసుకుపోయి వాళ్లకిచ్చాను. ఆ ఇల్లంతా పట్టే. అక్కడ ఎవరికీ ఆయాసం లేదు, బూందీ దిండు మీద దిండేసుకుని పడుకుంటుంది.

కుక్కలు పోయాక యశుకు ఆయాసం తగ్గలేదు. గోడ కట్టారు, ఆలస్యంగా. కట్టినా షెడ్డులో పనిచేసే మనిషే కదా ఇంట్లోకి వచ్చేది. బట్టలు విడిచి రావడం కొన్నాళ్లు సాగింది, తర్వాత మానేశారు. చివరికి డాక్టరు పాపను అక్కడినుంచి కదిలించమన్నాడు. ఎర్రమంచిలో మేనమామ ఇంట్లో పెట్టి, పెనుకొండ బడిలో చేర్చారు. అమ్మానాన్నను విడిచి పోవాలంటే మారాం చేస్తుందని అందరూ భయపడ్డారు. చేయలేదు. అక్కడ కరియ ఉంది కదా అనింది.

కరియ లేదు. పోయిన కొన్నాళ్లకే గొలుసు తప్పించుకుని పెద్దరోడ్డు ఎక్కింది. హిందూపురం వైపే పోతూ లారీ కింద పడింది. అప్పటికి బెంగళూరు పరీక్ష కాలేదు. ఆ సంగతి మంజునాథకు, సుజాతకు, గంగాధరకు, అవ్వకు అందరికీ తెలుసు. పాపకు ఎవరూ చెప్పలేదు. బూందీని పంపాక ఒకసారి సుజాత నాతో చెప్పి ఏడ్చింది, పాప ముందు అనొద్దని ఒట్టు వేయించుకుంది. పాప బట్టల సంచితో మామ ఇంటికి పోయాకే చేను గట్టున ఖాళీ గొలుసు చూసింది. అడిగితే మామ చెప్పక తప్పలేదు.

బూందీకి కత్తిరించడానికి ధర్మవరం పోయి వస్తూ ఒకసారి పెనుకొండలో దిగి యశును చూడటానికి పోయాను. బాగా ఒళ్లు చేసింది. ఎగశ్వాస లేదు, దగ్గు లేదు. చేలో ఈ చివరనుంచి ఆ చివరకు పరుగెత్తి చూపించింది. ఇద్దరం గట్టు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకున్నాం.

"రత్నమ్మత్తా, కరియది తప్పు కాదని మా నాయనకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"నీకు చేతి మీద పరీక్ష చేసినప్పుడు."

"అప్పటికి కరియ ఉండెనా?"

ఒట్టు సంగతి అప్పటికి తీరిపోయింది. లేదమ్మా అన్నాను. చేతిలో కాయను ఒలవకుండా గట్టు మీద పెట్టింది.

"అయితే దానికి తెలియకుండానే పోయింది" అనింది.

ఆ తర్వాత హిందూపురంలో ఒకసారి బజారులో అవ్వ ఎదురైంది. మనవరాలు లేక ఇల్లు బోసిగా ఉందని కళ్లు తుడుచుకుంది. వెంటనే, కుక్కలు పోయినంక ఇల్లయితే మడిగా ఉండాదమ్మా అనింది.

ఆయాసమున్న ఇంటికి ఏ కుక్క మంచిదని నా దగ్గరకు ఇప్పటికీ వస్తారు. జాతి పేరు నేను ముందు చెప్పను. మీ ఇంట్లో ఏం పని జరుగుతుంది, పక్కన ఏముంది, పిల్ల తల కింద ఏ దిండు పెడతారు అని అడుగుతాను. కుక్క కోసం వస్తే ఇంటి పురాణం ఎందుకని విసుక్కుంటారు. పరీక్ష చేయించండి, అది తేలేదాకా ఉన్న కుక్కను పంపొద్దు అంటాను. సగం మంది లేచిపోయి, జాతి పేరు టక్కున చెప్పేవాళ్ల దగ్గరకు పోతారు. పోనీ.

కూర్చున్న సగం మందిని ఇంకొకటి కూడా అడుగుతాను. ఇంతకుముందు మీ ఇంట్లో ఉన్న కుక్క ఏమైంది అని. పల్లెలో ఇచ్చినాం, బాగుండాది అంటారు.

పోయి చూసి వచ్చినారా అంటే, ఇంతకీ ఏ జాతి మంచిదో చెప్పక్కా అంటారు.